సోమాటిక్ థెరపీకి వెళ్ళొచ్చా? వెస్ట్ మారేడ్‌పల్లిలో నేను వెళ్తున్న చోటు గురించి నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నాకు పనిచేసింది, పెట్టిన డబ్బులు దండగ కాలేదు. కానీ ఈ పేరు పెట్టుకుని ఊళ్ళో జరుగుతున్నవన్నీ ఒకటే రకం కాదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా. సోమాటిక్ థెరపీ అంటే మాటలతోనే కాకుండా ఒంట్లో ఏం జరుగుతోందో గమనిస్తూ చేసే థెరపీ, ట్రామా అంటే పెద్ద దెబ్బ తగిలాక లోపల మిగిలిపోయే భయం. సోమాటిక్ థెరపీ, ట్రామా రిలీజ్, బాడీ హీలింగ్ అంటూ ఫోన్ తీస్తే చాలు ఏదో ఒక రీల్ వస్తోంది, ఎక్కడ చూసినా వీకెండ్ వర్క్‌షాపులే, మా స్టాఫ్ రూమ్‌లోనే కొందరు నన్ను పక్కకి పిలిచి అడిగారు అక్కడ అసలు ఏం చేస్తారు, ముట్టుకుంటారా, ఏడిపిస్తారా, ఎంత తీసుకుంటారు అని. వాళ్ళకి ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నా. నేను వెళ్ళేది సికింద్రాబాద్ వెస్ట్ మారేడ్‌పల్లిలో ఒకావిడ దగ్గరికి. ఆవిడ ఒక్కరే చూస్తారు, బయట బోర్డు కూడా ఉండదు, ఇప్పటికే స్లాట్లు దొరకట్లేదు కాబట్టి పేరు నెట్‌లో పెట్టొద్దన్నారు, అందుకని పెట్టట్లేదు. పేరు లేకపోయినా ఎలాంటి చోటు వెతుక్కోవాలో, ఎలాంటి చోటు నుంచి లేచి వచ్చేయాలో తెలుస్తుంది, నాకు కావాల్సింది అదే.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. హబ్సిగూడ నుంచి ఉప్పల్ వైపు స్కూటీ మీద స్కూల్‌కి వెళ్తుంటే కుడివైపు నుంచి ఓవర్‌టేక్ చేస్తూ వచ్చిన టిప్పర్ హ్యాండిల్‌కి తగిలింది, పడిపోయా. కాలర్ బోన్ విరిగింది, మోచేతికి కుట్లు పడ్డాయి. అందరూ ప్రాణం దక్కింది అదే పదివేలు అన్నారు, నిజమే. ఎముక అతుక్కుంది, ఫిజియోథెరపీ బుద్ధిగా చేశా, చెయ్యి మునుపటిలాగే పైకి లేస్తోంది, ఎమ్మారై కూడా తీయించారు, ఆర్థో డాక్టర్ గారు ఫిల్మ్ లైటుకి పెట్టి చూసి అంతా నార్మల్ అమ్మా అన్నారు. కానీ కుడి భుజం మాత్రం చెవి దగ్గరికి వెళ్ళి కూర్చునేది, కిందికి దించుకున్నా మళ్ళీ నాకు తెలీకుండానే పైకి వెళ్ళిపోయేది, బోర్డు మీద రెండు లైన్లు రాసేసరికి మెడ నుంచి మోచేతి దాకా లాగేసేది. రాత్రిళ్ళు పళ్ళు నూరుతున్నానని మా ఆయన చెప్పారు, డెంటిస్ట్ రాత్రిళ్ళు పళ్ళకి పెట్టుకునే తొడుగు, నైట్ గార్డ్, చేయించారు, అది కూడా అరిగిపోయేలా నూరేదాన్ని. వెనక నుంచి పెద్ద బండి హారన్ వినపడితే ఒళ్ళంతా జివ్వుమని, అరచేతులు చల్లబడి, కడుపులో తిప్పేది. స్కూటీ సంగతి వదిలేయండి, మా ఆయన బండి వెనక కూర్చోడం కూడా మానేశా.

ఇది ఎముక గొడవ కాదని అందరికంటే ముందు గుర్తుపట్టింది మా అత్తయ్యే. పిల్ల జడుసుకున్నది, అది ఇంకా ఒంట్లోనే ఉంది అని మౌలాలి వైపు ఒక దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించారు, కట్టించుకున్నా, ఇప్పటికీ ఉంది. తర్వాత సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళాం. యాక్సిడెంట్ తర్వాత వచ్చే పీటీఎస్‌డీ లక్షణాలు, అంటే ప్రమాదం అయిపోయినా దాని భయం మనిషిని వదలకపోవడం, అన్నారు, నిద్రకి మందు రాశారు, కౌన్సెలింగ్‌కి పంపారు. కౌన్సెలింగ్‌లో బాగానే మాట్లాడేదాన్ని, నాకు మాటలకి కొదవ లేదు, రోజూ పిల్లల ముందు మాట్లాడేదే కదా, కానీ జరిగింది మొదటి నుంచి చివరి దాకా చెప్పిన రోజు రాత్రి నిద్ర ఉండేది కాదు, భుజం ఇంకా బిగుసుకునేది. అప్పుడు డాక్టర్ గారే, మందులు మాత్రం ఆపొద్దు, కావాలంటే దీనితో పాటు బాడీ మీద పనిచేసే థెరపీ కూడా చూడండి అన్నారు.

ఆ మాట పట్టుకుని వెతికితే మొదట దొరికింది ఒక వీకెండ్ వర్క్‌షాప్. ఎవరు పెట్టారో ఎక్కడ పెట్టారో చెప్పను, ఊరి బయట ఒక ఫార్మ్‌హౌస్. ఇది కాస్త వివరంగా చెప్తా ఎందుకంటే చాలామందికి మొదట ఎదురయ్యేది ఇలాంటిదే. ఒక హాల్లో అందరినీ పరుపుల మీద పడుకోబెట్టి, గట్టిగా డప్పుల మ్యూజిక్ పెట్టి, నోటితో వేగంగా ఊపిరి తీసుకోమన్నారు, ఆపకండి ఆపకండి అని మైకులో అరుస్తున్నారు. కాసేపటికి నా వేళ్ళు తిమ్మిరెక్కి కొంకర్లు పోయాయి, మూతి చుట్టూ జుమ్ జుమ్‌మంది, తల తిరిగింది. ట్రామా బయటికి పోతోంది, మంచిదే అన్నారు. అది ట్రామా కాదు, అంత వేగంగా ఊపిరి తీస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, దాంతో రక్తంలో కాల్షియం లెక్క మారి వేళ్ళు అలా బిగుసుకుంటాయి, ఎవరు చేసినా వస్తుంది, ఏ బాధా లేని మనిషి చేసినా వస్తుంది. ఫిట్స్ ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు అసలు చేయకూడదు, కానీ లోపలికి పంపించేముందు ఎవరూ ఏమీ అడగలేదు, ఏ మందులు వాడుతున్నావ్ అని కూడా. నా చుట్టూ జనం ఏడుస్తున్నారు, అరుస్తున్నారు, ఒకబ్బాయి పరుపుని గుద్దుతున్నాడు, అంతలో వెనక నుంచి ఎవరో వచ్చి సరిగ్గా నా విరిగిన కాలర్ బోన్ మీద చెయ్యి వేసి నొక్కారు. అడగలేదు. నేను కదల్లేకపోయా, గొంతు రాలేదు, రోడ్డు మీద పడినప్పుడు ఎలా అయ్యానో అచ్చం అలాగే అయిపోయా. వాళ్ళు మాత్రం చూడండి ఎంత ప్రశాంతంగా ఉన్నారో అన్నారు!

తర్వాత చాలా రోజులు నిద్ర లేదు, దవడ నొప్పితో అన్నం నమలలేకపోయా. ఫోన్ చేస్తే హీలింగ్ క్రైసిస్ అంటారు దీన్ని, నెక్స్ట్ లెవెల్ చేస్తే పోతుంది అన్నారు, దానికి ఫీజు దీనికంటే ఎక్కువ. మనిషి ఒకసారి దెబ్బ తిని వస్తే మళ్ళీ అదే దెబ్బ కొట్టి, అది నయమవడానికి గుర్తు అని చెప్పడం నాకు చాలా కోపం తెప్పించింది, ఇప్పటికీ తెప్పిస్తుంది.

మళ్ళీ ఇటువైపు చూడకూడదు అనుకున్నా, కానీ మా డాక్టర్ గారే ఈ మారేడ్‌పల్లి ఆవిడ నంబర్ ఇచ్చి, ఒకసారి ఫోన్‌లో మాట్లాడి చూడండి, నచ్చకపోతే వద్దు అన్నారు. ఫోన్‌లో ఆవిడ మొదట అడిగింది నా కథ కాదు. ఏం మందులు వాడుతున్నారు, బీపీ థైరాయిడ్ ఉన్నాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, ఇప్పుడు ఎవరి ట్రీట్‌మెంట్‌లో ఉన్నారు, చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తున్నాయా. చివరి ప్రశ్న అంత మామూలుగా అడిగేసరికి నాకు నమ్మకం కలిగింది.

హబ్సిగూడలో మెట్రో ఎక్కితే సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగి ఆటో, అంతే. లోపలి గల్లీ, పాత ఇండిపెండెంట్ ఇళ్ళు, చెట్లు ఉన్నాయి కాబట్టి మెయిన్ రోడ్డు గోల అంతగా వినపడదు. మొదటి అంతస్తులో ఒక గది. నాపరాయి ఫ్లోరు, ఒక చాప, రెండు కుర్చీలు, ఒక మూల తువ్వాళ్ళు దిండ్లు, కిటికీకి లేత రంగు కర్టెన్. ధూపాలు, గంటలు, క్రిస్టల్స్, బుద్ధుడి బొమ్మ ఏమీ లేవు. కుర్చీ ఎక్కడ వేసుకుంటారో మీ ఇష్టం అన్నారు, నేను గోడకి ఆనించి తలుపు కనపడేలా వేసుకున్నా, ఎందుకలా అని అడగలేదు, తన కుర్చీ దానికి తగ్గట్టు జరుపుకున్నారు.

కన్సెంట్ ఫామ్ తెలుగులో కూడా ఉంది. అందులో ముట్టుకోవడం గురించి వేరుగా రాసి ఉంది: ముట్టుకోకుండా కూడా థెరపీ చేయొచ్చు, ముట్టుకోవాల్సి వస్తే ప్రతిసారీ అడుగుతారు, సరే అన్నాక కూడా మధ్యలో వద్దనొచ్చు. మాట రాకపోతే కుర్చీ చెయ్యి మీద వేలితో రెండుసార్లు కొట్టండి, ఆపేస్తా అన్నారు. ఆ గొంతు రాకపోవడం అనేది నాకు ఒక్కదానికే జరగదని, దానికి ముందే దారి పెట్టి ఉంచుతారని నాకు అప్పుడే తెలిసింది.

మొదటి సెషన్‌లో యాక్సిడెంట్ మాటే ఎత్తలేదు. నేను మొదలుపెట్టబోతే కూడా ఆపారు. గది చుట్టూ నెమ్మదిగా చూడండి, కళ్ళతో కాదు మెడతో సహా తిరుగుతూ చూడండి, మీకు చూడబుద్ధయ్యే వస్తువు ఏదైనా ఉంటే అక్కడ ఆగండి అన్నారు. పాదాలు నేలకి ఎలా ఆనుతున్నాయి, కుర్చీ వీపుని ఎక్కడ మోస్తోంది, ఒంట్లో ఇప్పుడు కాస్త హాయిగా ఉన్న చోటు ఏది అని అడిగారు. హాయిగా ఉన్న చోటా, నన్నెవరూ ఎప్పుడూ అలా అడగలేదు, నొప్పి ఎక్కడ అనే అడిగారు. వెతికితే ఎడమ కాలి మడమ దొరికింది, వెచ్చగా ఉంది. ఇక ప్రతి సెషన్‌లో గట్టి పని మొదలుపెట్టేముందు, మధ్యలో కంగారు ఎక్కువైనప్పుడు, ఆ మడమ దగ్గరికి వచ్చేసేవాళ్ళం.

దీని వెనక ఉన్న ఆలోచన నాకు అర్థమైనంతలో చెప్తా. ఈ పద్ధతి పేరు సోమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్, అమెరికాలో పీటర్ లెవిన్ అనే ఆయన 1970ల నుంచి తయారు చేస్తూ వచ్చారు. అంతకంటే ముందు 1930లలోనే ఫ్రాయిడ్ దగ్గర పనిచేసిన విల్‌హెల్మ్ రైక్, మనసులో అణిచిపెట్టుకున్నది కండరాల్లో బిగువుగా కవచంలా ఉండిపోతుందని చెప్పాడు, ఇవాళ్టి బాడీ థెరపీల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది. లెవిన్ చెప్పేది ఏంటంటే, ప్రమాదం మీదికి వచ్చినప్పుడు ఒళ్ళు కొట్టడానికో పారిపోవడానికో సిద్ధమవుతుంది, అడ్రినలిన్ ఎక్కుతుంది, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి, రెండూ కుదరకపోతే బిగుసుకుని ఉండిపోతుంది. ఆ మొదలుపెట్టిన కదలిక పూర్తి కాకపోతే నరాల వ్యవస్థ ప్రమాదం ఇంకా అయిపోలేదు అన్నట్టే పనిచేస్తూ ఉంటుంది. అందుకని జరిగిన కథ మొత్తం తవ్వడం కాకుండా, ఒంట్లో ఇప్పుడు ఏం జరుగుతోందో గమనిస్తూ, ఆ బిగువుని చాలా చిన్న చిన్న మోతాదుల్లో తాకి, వెంటనే హాయిగా ఉన్న చోటుకి వచ్చి, మళ్ళీ తాకి మళ్ళీ వెనక్కి రావడం. మోతాదు చిన్నగా ఉంచడాన్ని టైట్రేషన్ అంటారు, అటూ ఇటూ రావడాన్ని పెండ్యులేషన్ అంటారు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో బ్యూరెట్ నుంచి చుక్క చుక్క వదులుతాం కదా, ఒకేసారి పోస్తే ప్రయోగం పాడైపోతుందని, అదే లెక్క.

ఒక సెషన్ దగ్గరగా చెప్తా. కూర్చున్నా, మెడ ఎంత మెల్లగా తిప్పగలరో అంత మెల్లగా కుడివైపు తిప్పండి, ఎక్కడ బిగుసుకుంటే అక్కడే ఆగండి, దాటకండి అన్నారు. తిప్పుతున్నా, గడ్డం భుజం దాకా రాకముందే, కర్టెన్ అంచు కనపడే చోట కుడి భుజం దానంతట అది పైకి లేచింది. ఆగా. ఇప్పుడు ఆ భుజాన్ని దించకండి, అది ఏం చేయాలనుకుంటోందో చూద్దాం అన్నారు. నాకేమీ తెలీలేదు, కాసేపటికి కుడి అరచెయ్యి తొడ మీద నుంచి కొంచెం పైకి లేస్తోంది, వేళ్ళు విచ్చుకుంటున్నాయి, దేన్నో తోసేయాలన్నట్టు. ఆవిడ ఒక మందపాటి దిండు పట్టుకుని, ఇది మీ చేతికి ఎదురుగా పట్టుకోనా అని అడిగారు, సరే అన్నా. తోయండి, కానీ గట్టిగా కాదు, నెమ్మదిగా, చెయ్యి మొత్తం ఎలా పనిచేస్తోందో చూసుకుంటూ అన్నారు. తోశా. మోచెయ్యి, భుజం, వీపు, కుడి కాలు నేలని తన్నడం, అన్నీ ఒక వరసలో వచ్చాయి. టిప్పర్ తగిలినప్పుడు నా చెయ్యి హ్యాండిల్ మీద ఉంది, తోసే టైమ్ లేదు, తిరిగి చూసే టైమ్ కూడా లేదు. ఇప్పుడు తిరిగి చూస్తున్నా, తోస్తున్నా. తొడలు సన్నగా వణకడం మొదలైంది, ఆపాలా అని అడిగితే మీకు ఫర్వాలేదనిపిస్తే ఉండనివ్వండి, వద్దనుకుంటే పాదాలు నేలకి నొక్కండి ఆగిపోతుంది అన్నారు. ఉండనిచ్చా. తర్వాత వరసగా ఆవలింతలు, కడుపులో గుడగుడ శబ్దాలు, కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి కానీ ఏడుపు కాదు, అరచేతులు వేడెక్కాయి. అప్పుడు మళ్ళీ మెడ తిప్పమన్నారు, కర్టెన్ అంచు దాటి వెనక గోడ దాకా వెళ్ళింది, భుజం లేవలేదు.

దీన్ని అద్భుతంలా చెప్పట్లేదు, తర్వాతి వారం భుజం మళ్ళీ లేచింది. కానీ ఈసారి లేచినప్పుడు నాకు తెలిసింది, దించే దారి కూడా తెలుసు. అలా వెళ్తూ వెళ్తూ ఉంటే లేవడం తగ్గింది. ఆ వర్క్‌షాప్‌లో అంత అరిచి గీపెట్టినా రానిది ఇక్కడ దిండుని మెల్లగా తోస్తే వచ్చింది. నాకు బాగా వేగం వచ్చిన రోజుల్లో, ఇవాళ మొత్తం తేల్చేద్దాం మేడమ్ అన్నప్పుడల్లా ఆవిడ వద్దనే అన్నారు, ఇంకా చేయగలిగేటప్పుడే ఆపాలి అనేవారు. మంచి థెరపిస్ట్‌కి నా దృష్టిలో పెద్ద గుర్తు ఇదే, మనల్ని ఆపడం తెలియాలి.

ఇక సైన్స్ సంగతి, ఇది కూడా ఆవిడే నిజాయితీగా చెప్పారు, నేను కూడా చదివా. ట్రామా కండరాల్లో దాక్కుని ఉంటుంది, పిండితే బయటికి వస్తుంది అని రీల్స్‌లో చెప్పేది అక్షరాలా నిజం కాదు, జ్ఞాపకం ఉండేది మెదడులోనే. కానీ మెదడు ప్రమాదం అనుకున్నంత కాలం కండరాలకి బిగుసుకోమనే సంకేతం వెళ్తూనే ఉంటుంది, ఊపిరి, గుండె, పేగుల నుంచి తిరిగి మెదడుకి వెళ్ళే కబురు కూడా అలాగే ఉంటుంది, ఆ వలయాన్ని ఒంటి వైపు నుంచి మార్చడం అనేది ఒప్పుకోదగ్గ ఆలోచన. మెదడు నుంచి గుండె, పేగుల దాకా వెళ్ళే వేగస్ నరం గురించి ప్రతివాళ్ళూ చెప్పే పాలీవేగల్ థియరీ అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ పోర్జెస్ 1994లో ప్రతిపాదించినది, దాని మీద శాస్త్రవేత్తల్లో ఇంకా గట్టి వాదనలే ఉన్నాయి, అది రుజువైపోయిన విషయంలా చెప్పేవాళ్ళని నమ్మకండి. సోమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్ మీద 2017లో ఇజ్రాయెల్‌లో 63 మందితో చేసిన ట్రయల్ ఒకటి వచ్చింది, 15 వారాల సెషన్ల తర్వాత పీటీఎస్‌డీ లక్షణాలు బాగా తగ్గాయి, కానీ పోల్చింది వెయిటింగ్ లిస్ట్‌లో ఉన్నవాళ్ళతో, 63 మంది అంటే చిన్న స్టడీనే. దీనికంటే చాలా ఎక్కువ రుజువులున్నవి ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ఆ దెబ్బ చుట్టూ ఉన్న ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే థెరపీ), ఇంకా ఈఎండీఆర్ (కళ్ళు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకునే థెరపీ), ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 గైడ్‌లైన్స్‌లో ఆ రెండిటినీ సిఫార్సు చేసింది. అందుకని ఎవరైనా మందులు మానేయండి, సైకియాట్రిస్ట్ వద్దు, ఇదొక్కటే చాలు అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. నాకు నిద్రమందు తగ్గించింది కూడా మా డాక్టర్ గారే, ఈవిడ ఒక్కసారి కూడా మందుల జోలికి రాలేదు.

సర్టిఫికెట్ల దగ్గర చాలామంది మోసపోతున్నారు కాబట్టి ఇది చెప్పాలి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయి ఉండాలి, 1992 చట్టం అది, నంబర్ ఉంటుంది, అడిగితే చూపించాలి. సోమాటిక్ కోచ్, ట్రామా హీలర్, బ్రెత్‌వర్క్ ఫెసిలిటేటర్ లాంటి పేర్లకి అలాంటి రిజిస్ట్రేషన్ ఏమీ అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో రెండు వారాంతాలు కోర్సు చేసినా పెట్టేసుకోవచ్చు. సోమాటిక్ ఎక్స్‌పీరియన్సింగ్ ట్రైనింగ్ మూడేళ్ళు సాగేది. మారేడ్‌పల్లి ఆవిడకి క్లినికల్ సైకాలజీ ఎంఫిల్ ఉంది, దాని మీద ఈ ట్రైనింగ్ చేశారు, నేను అడగకముందే గోడ మీద ఉన్న రెండు కాగితాలూ చూపించి ఏది లైసెన్స్ ఏది కేవలం కోర్సు సర్టిఫికెట్ అని విడమరిచి చెప్పారు.

నచ్చనివి కూడా ఉన్నాయి. మెట్లు నిలువుగా ఉంటాయి, లిఫ్ట్ లేదు, నాకంటే ముందు స్లాట్‌లో వచ్చే ఒక పెద్దావిడ మోకాళ్ళు పట్టుకుని ఎక్కుతుంటే చూడలేకపోయేదాన్ని, ఇలాంటి థెరపీకి వచ్చేవాళ్ళలో నొప్పులున్నవాళ్ళే ఎక్కువ కదా, కింద గది ఒకటి ఏర్పాటు చేయాలి. వెయిటింగ్‌కి చోటు లేదు, మెట్ల దగ్గర రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ముందు సెషన్ నుంచి ఏడ్చి బయటికి వచ్చేవాళ్ళు మన ముందు నుంచే వెళ్ళాలి, రెండు సెషన్ల మధ్య పావుగంట గ్యాప్ ఉంచితే ఎంతో బాగుంటుంది, ఈ మాట ఆవిడతో అన్నాను, చూస్తా అన్నారు, ఇంకా అలాగే ఉంది. సాయంత్రం పక్కింటి కుక్కర్ విజిల్స్ వినపడతాయి, మొదట్లో ఉలిక్కిపడేదాన్ని, ఆవిడ దాన్ని కూడా పనిలోకే తీసుకున్నారు కానీ అందరికీ నచ్చకపోవచ్చు. కారు పెట్టడానికి చోటు కష్టం. క్యాన్సిల్ చేయాలంటే ఒక రోజు ముందు చెప్పాలి, లేకపోతే ఫీజు మొత్తం కట్టాలి, టీచర్లకి సడెన్‌గా ఇన్విజిలేషన్ డ్యూటీలు పడతాయి, ఆ విషయంలో కాస్త పట్టూ విడుపూ ఉండాల్సింది.

ఫీజు గంటకి 2,200. ఇది తక్కువేమీ కాదు, వారం వారం అంటే మా ఇంటి బడ్జెట్‌లో గట్టిగానే తెలిసింది, నా ఇన్సూరెన్స్ పాలసీలో ఓపీడీ, అంటే ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చు, లేదు కాబట్టి ఒక్క రూపాయి తిరిగి రాలేదు. ఆవిడ తనంతట తనే కొన్నాళ్ళ తర్వాత వారానికి కాదు రెండు వారాలకి రండి చాలు అన్నారు, ప్యాకేజీలు అంటగట్టలేదు, ముందే పది సెషన్లకి కట్టండి అనలేదు. ఆ వర్క్‌షాప్‌కి రెండు రోజులకి కట్టింది ఇక్కడ చాలా సెషన్లకి వచ్చేది, అది తలుచుకుంటే బాధేస్తుంది.

ఇప్పుడు నా పరిస్థితి. బోర్డు నిండా రాస్తున్నా, మధ్యలో చెయ్యి విదిలించుకోవాల్సి రావట్లేదు. పళ్ళు నూరడం పూర్తిగా పోలేదు, పరీక్షల సీజన్‌లో వస్తోంది, నైట్ గార్డ్ వాడుతున్నా. హారన్‌కి ఉలిక్కిపడతా కానీ కడుపులో తిప్పడం లేదు, పాదాలు నేలకి నొక్కి ఒకసారి కుడివైపు తిరిగి చూస్తే సర్దుకుంటుంది. మా ఆయన బండి వెనక కూర్చుని నాచారం దాకా, తార్నాక దాకా వెళ్తున్నా. స్కూటీ ఇంకా తీయలేదు, తీయమని ఆవిడ తొందర పెట్టట్లేదు, నేనూ పెట్టుకోవట్లేదు. ఇంట్లో మా అత్తయ్యకి మెడ తిప్పడం, పాదాలు ఆనించడం నేర్పించా, ఆవిడకి గుండె దడ అనిపించినప్పుడు చేస్తున్నారు, అంతకుముందే కార్డియాలజిస్ట్‌కి చూపించి గుండె బాగుందని తెలుసుకున్నాకే, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి, ఛాతీలో నొప్పి, దడ, చెయ్యి తిమ్మిరి ఉంటే ముందు డాక్టర్, తర్వాతే ఇవన్నీ.

అంత ఫీజు పెట్టలేనివాళ్ళకి, ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది, సైకియాట్రిస్టులు ఉంటారు, ఆ పేరు వినగానే వెనకడుగు వేయాల్సిన పనేమీ లేదు. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, ఫ్రీ, ఇరవై నాలుగు గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు. ఉన్నట్టుండి చచ్చిపోవాలనిపించడం, ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడటం లాంటివి ఉంటే సోమాటిక్ థెరపీ కోసం వెతుకుతూ కూర్చోకండి, ముందు ఆ నంబర్‌కో దగ్గర్లోని ఆసుపత్రికో.

ఎక్కడికి వెళ్ళినా ఫోన్‌లోనే అడిగేయండి: మీ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత, ముట్టుకుంటారా, వద్దంటే ముట్టుకోకుండా చేస్తారా, సెషన్ తర్వాత ఇబ్బందైతే ఎవరికి ఫోన్ చేయాలి, మా డాక్టర్‌తో మాట్లాడతారా. ఇవి అడిగితే విసుక్కునేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. మారేడ్‌పల్లి ఆవిడ దగ్గర శని ఆదివారాలు నెలల తరబడి దొరకవు, వారం మధ్యలో మధ్యాహ్నం పన్నెండు రెండు మధ్య అయితే కాస్త తొందరగా దొరుకుతుంది, మీ సైకియాట్రిస్ట్‌ని అడిగితే ఇలాంటివాళ్ళు ఎవరున్నారో వాళ్ళకి తెలిసే ఉంటుంది.